మా ఇంట్లో ప్రార్థన ట్యాబ్ చేస్తుంది

పోయిన డిసెంబరులో క్రిస్మస్‌కి మా ఊరు నర్సీపట్నం వెళ్ళాం. క్లయింటు వాళ్ళకీ అప్పుడే సెలవులు కాబట్టి, ఏడాది మొత్తంలో ఫోను మోగకుండా నాకు దొరికే వారం అదొక్కటే. (నర్సీపట్నం తెలియనివాళ్ళకి: పూరీ జగన్నాథ్ వాళ్ళ వైపు అన్నమాట. ఆఫీసులో ఊరి పేరు చెప్పగానే అందరూ అడిగేది అదే. ఇంకో మాట, రైళ్ళ టైంటేబుల్లో 'నర్సీపట్నం రోడ్' అని చూసి టికెట్టు తీసేసుకోకండి. అక్కడ దిగాక మా ఊరికి ఇంకో ప్రయాణం ఉంటుంది.)

ఆ రాత్రి లంబసింగి వైపు నుంచి చలి బాగా దిగింది. వీధిలో క్యారల్స్ కుర్రాళ్ళ డప్పు వినిపిస్తోంది. అమ్మ అందరికీ అన్నాలు వడ్డించి, మా పాపని దగ్గర కూచోబెట్టుకుని "ప్రార్థన చెయ్యమ్మా, తిందాం" అంది. మా పాపకి నాలుగున్నరేళ్ళు. అది నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో చెప్పినట్టు "మా ఇంట్లో ప్రార్థన ట్యాబ్ చేస్తుంది నానమ్మా" అంది.

నేను నవ్వబోయాను. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాను. నాన్న కళ్ళు మూసుకుని రెండు ముక్కల్లో ప్రార్థన చేసేశారు, తిన్నాం. అమ్మ ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బావుండేది.

అసలు సంగతేమిటంటే, పాప అన్నం తినేటప్పుడు ట్యాబ్‌లో పిల్లల బైబిల్ బొమ్మల వీడియోలు పెడతాం. నోవహు ఓడ, దావీదు గొల్యాతు, యోనా చేప. ప్రతి వీడియో చివర్లో ఓ బొమ్మ చేతులు జోడించి ప్రార్థన చేస్తుంది. ఆ ఛానెల్ వెతికి ప్లేలిస్టు తయారుచేసింది నేనే. ఓ పక్క అన్నం, ఓ పక్క దైవభక్తి, రెండూ ఒకే అరగంటలో అయిపోతున్నాయని లోపల్లోపల గర్వపడ్డాను కూడా. దాని వాక్యంలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మా ఇంట్లో నిజంగానే ప్రార్థన ట్యాబే చేస్తుంది.

మేం చెడ్డ క్రైస్తవులమేం కాదు. ఆదివారం చర్చికి వెళ్తాం, కానుక వేస్తాం, పాపని సండే స్కూల్లో దించుతాం. కాకపోతే నాకు సాయంత్రం ఏడున్నర నుంచి అమెరికా వాళ్ళతో కాల్స్, మా ఆవిడ టెస్టింగులో ఉంది, పొద్దున్న ఎనిమిదింటికే క్యాబ్ ఎక్కుతుంది. వారం రోజుల్లో ముగ్గురం కలిసి మేలుకుని ఉండే సమయం లెక్కేస్తే, అందులో సగం మణికొండ ట్రాఫిక్కులోనే ఉంటాం.

ఇది చదివేవాళ్ళలో చాలామందివి పూజగది ఉన్న ఇళ్ళే అయ్యుంటాయి. అయినా ఇది మీకూ తెలిసిన గొడవేనని నా అనుమానం. అమెరికాలో ఉన్న నా స్నేహితుడొకడు వాళ్ళబ్బాయిని వారాంతంలో మనబడిలో దించి వస్తాడు. సిలికానాంధ్ర వాళ్ళు 2007లో మొదలుపెట్టిన ఆ బడి చాలా మంచి పని చేస్తోంది, అందులో రెండో మాట లేదు. కానీ వీడు తిరిగొచ్చేటప్పుడు కారులో ఆ అబ్బాయితో మాట్లాడేది ఇంగ్లీషు. వారానికి రెండు గంటల తెలుగు, మిగతా రోజులన్నీ ఇంగ్లీషు. రెండిట్లో ఏది నిలుస్తుందో లెక్క కట్టడానికి బీటెక్ అక్కర్లేదు. భక్తి అయినా అంతే, శ్లోకమైనా వాక్యమైనా అంతే. మన వృత్తికి బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే అవుట్‌సోర్స్ చేశాం. పని అవుతుంది, కానీ ఆ పని తెలిసినవాళ్ళు మన దగ్గర మిగలరు.

హైదరాబాద్ తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. క్యాలెండర్‌లో రోజూ రాత్రి 8.30కి 'ఫ్యామిలీ ప్రేయర్' అని రికరింగ్ మీటింగ్ పెట్టి మా ఆవిడకి ఇన్వైట్ పంపాను :) పాట, అధ్యాయం, ప్రార్థన కలిపి పాతిక నిమిషాలు. కాల్ మధ్యలో 'బయో బ్రేక్' అని చెప్పి వచ్చేవాణ్ణి. ఆదికాండము మొదట్నుంచీ మొదలుపెట్టాం. అయిదో అధ్యాయానికి వచ్చేసరికి ఎవరు ఎవర్ని కన్నారు, ఎన్నేళ్ళు బతికారు, ఎప్పుడు చనిపోయారు, ఇదే వరస. పాప నిద్రపోయింది. నేను ఆపలేదు. నిద్రపోతున్న పిల్లకి మెతూషెల వయసు చదివి వినిపించిన ఘనుణ్ణి నేను. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది, పదమూడో రోజు మా ఆవిడకి రిలీజ్, ఆ తర్వాత ఆ రిమైండర్ రోజూ 8.30కి వచ్చి మా ఇద్దర్నీ తిట్టినట్టు మోగి ఆగిపోయేది. ఓ రోజు ఎవరికీ చెప్పకుండా డిలీట్ చేశాను.

అప్పుడనిపించింది, మా అమ్మానాన్నా ఎలా చేశారబ్బా అని. వాళ్ళకి మాకంటే ఖాళీ ఉండేదేం కాదు. నాన్న ఆర్టీసీ డ్రైవరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదుగా సీలేరు బస్సు, నైట్ హాల్టులు. వారంలో సగం రాత్రులు ఇంట్లో ఉండేవారు కాదు. అమ్మ ఏఎన్ఎం. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని ఊళ్ళమ్మట తిరిగేది. పల్స్ పోలియో పెట్టేది ఎప్పుడూ ఆదివారమే కాబట్టి ఆ వారం చర్చి కూడా ఉండేది కాదు. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అనబడే పాతిక నిమిషాల కార్యక్రమం నాకు సరిగ్గా గుర్తున్నది డిసెంబరు 31 రాత్రి మాత్రమే.

మరి నాకు గుర్తున్నదేమిటి? రెండే రెండు.

ఒకటి, ఒకసారి సెలవుల్లో నాన్న బస్సులో చింతపల్లి వెళ్ళాను, ముందు సీట్లో. కాంప్లెక్సులో జనం ఎక్కి, కండక్టరు రైట్ రైట్ అన్నాక కూడా బస్సు కదల్లేదు. చూస్తే నాన్న స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నారు. అయిదారు సెకన్లు, అంతే. తర్వాత గేరు వేశారు. ఆ ఘాటు మలుపులు చూసినవాళ్ళకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆయన దాని గురించి నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

రెండోది నానమ్మ. ఆవిడ కూలి పనులు చేసి మా నాన్నని పెంచిన మనిషి. అమ్మానాన్నా డ్యూటీలకి పోతే నేనూ ఆవిడే. రోజూ సాయంత్రం నేను బడి నుంచి రాగానే, పిడతకింద పప్పో మరమరాలో చేతిలో పెట్టి, పెద్ద బైబిలు నా ఒళ్ళో పెట్టి "నాయినా, నా కళ్ళజోడు ఏడెట్టానో ఏటో... కళ్ళు అగుపడ్డం నేదు, కూసింత సదివెట్టు బాబూ" అనేది. రెండో తరగతి నుంచీ ఇదే డ్యూటీ. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ణి. మధ్యలో ఆపి "ఆడు అలగెందుకు సేసినాడంటావు?" అని నన్నే అడిగేది. యోసేపుని అన్నలు గోతిలో వేసిన చోట నేను చెప్పిన కారణం నచ్చక రెండు రోజులు నాతో వాదించింది. పది నిమిషాలు, ఒక్కోసారి అయిదే. అయ్యాక "దేవుడు నిన్ను సల్లగా సూడాల" అని నెత్తి మీద చెయ్యి వేసేది. అంతే, నేను క్రికెట్‌కి పోయేవాణ్ణి.

పదో తరగతిలో ఉండగా పింఛను కాగితాల కోసం ఆవిడతో వెళ్ళాను. సంతకం దగ్గర వేలు ఇంకు ప్యాడ్ మీద అద్దింది. నేను "కళ్ళజోడు ఇంటి దగ్గరే ఉందిగా, తెస్తానుండు, సంతకం చేద్దువు" అన్నాను. ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఆవిడకి చదవడమే రాదు! ఎనిమిదేళ్ళుగా కళ్ళజోడు కనపడకపోవడం వెనక సంగతి అదీ. ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

మరి చదువు రాని మనిషికి అన్ని పాటలు ఎలా వచ్చు? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఓ వందైనా ఆవిడకి నోటికి వచ్చు. 1803లో పుట్టి 1890లో పోయిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. ఆవిడకి ఆయన పేరు తెలీదు. పాట తెలుసు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందిట, నాట్లేసేటప్పుడు. వాళ్ళమ్మకి నేర్పింది మిషన్ వాళ్ళ బైబిల్ స్త్రీ అని చెప్పేది. ఆ రోజుల్లో గడప దాటని ఆడవాళ్ళ దగ్గరికి, పొలం పనుల్లో ఉండే ఆడవాళ్ళ దగ్గరికి వీళ్ళే వెళ్ళి కథ చెప్పి, పాట నేర్పి వచ్చేవారు. మిషనరీ దొరల ఫోటోలు చాలాచోట్ల ఉంటాయి గానీ, వీళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా ఉండవు. అది వేరే బాధ.

ఇక్కడో చిన్న పిట్టకథ. మా వైపు బాప్టిస్టు సంఘాలు కెనడా మిషనరీల వల్ల వచ్చాయని అందరూ చెబుతారు. జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చారు. అయితే ఆయన రాక ముందే అక్కడ పని మొదలుపెట్టి కెనడా వాళ్ళని పిలిచింది థామస్ గాబ్రియేల్ అనే మనవాడు. ఆయన ఉద్యోగం టెలిగ్రాఫ్ శాఖలో! అంటే ఆ కాలపు ఐటీ ఉద్యోగి. నేను కాకినాడలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి కూడా ఈ సంగతి తెలుసుకోలేదు. ఆ నాలుగేళ్ళలో చర్చికి ఎన్నిసార్లు వెళ్ళానో అడక్కండి.

సరే, అసలు విషయానికొస్తా. సండే స్కూలు సంగతి చూడండి. ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్ళో 1780లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన మొదలుపెట్టారు. ఎవరి కోసం? వారంలో ఆరు రోజులూ పనిలో ఉండి, ఆదివారం తప్ప ఖాళీ లేని పేదపిల్లల కోసం. చదవడం నేర్పేవారు, దాంతోపాటు బైబిలు. అంటే ఖాళీ లేనిది పిల్లలకి. ఇప్పుడు ఖాళీ లేనిది తల్లిదండ్రులకి, వెళ్ళేది మాత్రం పిల్లలు :)

అంతకంటే రెండున్నర శతాబ్దాల ముందు, జర్మనీలో మార్టిన్ లూథర్ ఊళ్ళు తిరిగి చూసి, జనానికి పదాజ్ఞలు కూడా తెలియవని కంగారుపడి 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశారు. "ఇదేమిటి?" అని ప్రశ్న, కింద జవాబు. మన భాషలో ఎఫ్ఏక్యూ. తమాషా ఏంటంటే అది ఇంటి యజమాని తన ఇంట్లోవాళ్ళకి నేర్పడానికని రాసింది. గుంటూరు వైపు లూథరన్ స్నేహితులు నిర్ధారణ కోసం దాన్ని బట్టీ పట్టామని చెబుతారు. ఎక్కడ అంటే, చర్చిలో!

నాకు అన్నిటికంటే పనికొచ్చింది సుసన్నా వెస్లీ సంగతి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి. పుట్టిన పంతొమ్మిది మంది పిల్లల్లో పదిమంది మిగిలారు. 1709లో ఇల్లు కాలిపోయింది, అప్పులు, భర్త తరచూ ఊళ్ళో ఉండడు. ఆవిడ 1712లో భర్తకి రాసిన ఉత్తరంలో తన పద్ధతి చెప్పింది: రాత్రికి ఒక్కరు చొప్పున ఒక్కో పిల్లతో విడిగా మాట్లాడుతుంది. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, గురువారం జాన్‌ది, ఆదివారం ఇద్దరు. ఆ జాన్ పెద్దయ్యి ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెబుతున్న రోజుల్లో కూడా, ఆ గురువారం సాయంత్రంలో కొంచెం నాకివ్వమని తల్లికి రాశాడు. గమనించండి, ఆవిడ రోజూ ఇవ్వలేదు. ఒక్కొక్కరికి వారానికి ఒక్క సాయంత్రం. కానీ ఆ సాయంత్రం నీదే అని పిల్లకి తెలుసు.

ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం మా చర్చిలో ఏటా ఒకసారైనా ప్రసంగానికొస్తుంది. ఈసారి దాన్ని ఇంజనీరు కళ్ళతో చదివాను. పిల్లలకి నేర్పే సమయాలు అక్కడ నాలుగు చెప్పారు: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. వీటిలో ఒక్కటి కూడా కొత్తగా పెట్టుకోవాల్సిన సమయం కాదు. ఎలాగూ రోజూ జరిగేవే. కొత్త ప్రాసెస్ రాయమనలేదు, నడుస్తున్న ప్రాసెస్‌కి చిన్న హుక్ పెట్టమన్నారు. నేను పాతిక నిమిషాల మీటింగ్ పెట్టి దెబ్బతిన్నది అక్కడే. అయితే దానికి ముందే ఇంకో మాట ఉంది, దాన్నే నేను ఎప్పుడూ దాటేసి చదివేవాణ్ణి: ఆ మాటలు ముందు నీ హృదయంలో ఉండాలని. ఇది మాత్రం అవుట్‌సోర్సు కాదు, ఆటోమేషనూ లేదు. నా అంతట నేను, అప్రైజల్ రోజులు కాక, మామూలు రోజున ప్రార్థన చేసుకుని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకున్నాను. లెక్క ఇక్కడ రాయను.

ఫిబ్రవరిలో ఓ రాత్రి కాల్ నడుస్తుండగా పాప వచ్చి నా కీబోర్డు మీద పాలు ఒంపింది. మ్యూట్ చేసి గట్టిగా అరిచాను. మామూలు అరుపు కాదు, అది వణికింది. కాల్ అయ్యాక వెళ్ళి చూస్తే మంచం మీద మేలుకునే ఉంది. ఏం చెయ్యాలో తెలీక పక్కన కూచుని "యేసయ్యా, నేను పాప మీద ఊరికే అరిచాను, అది తప్పు, నన్ను క్షమించు, మళ్ళీ అరవకుండా సాయం చెయ్యి" అన్నాను, పైకే. అనేశాక నాకే వింతగా ఉంది. పెళ్ళయ్యాక ఇంట్లో నా సొంత మాటల్తో నేను చేసిన మొదటి ప్రార్థన అదే అయ్యుంటుంది. అది కాసేపు ఆలోచించి "డాడీ, నీక్కూడా సారీ చెప్పాలా?" అంది. నాక్కూడా చెప్పాలన్నాను. "పాలు నేనే పోశాను" అని దేవుడికి తను కూడా చెప్పుకుంది. ఏ వీడియోలోనూ ఈ ఎపిసోడ్ లేదు.

ఈ మాట లంచ్ దగ్గర చెబితే ఓ సహోద్యోగి "చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకు బాస్, పెద్దయ్యాక తనే ఎంచుకుంటుంది కదా" అన్నాడు. మంచి ప్రశ్నే. తోసెయ్యను. పెద్దయ్యాక అది ఎంచుకుంటుంది, ఎంచుకోవాలి, నేనూ మధ్యలో కొన్నేళ్ళు వదిలేసి మళ్ళీ ఎంచుకున్నవాణ్ణే. కానీ నేను వదిలేసినప్పుడు ఏం వదిలేస్తున్నానో నాకు తెలుసు. ఆవిడ చెయ్యి నెత్తి మీద ఎంత బరువుండేదో తెలుసు. నా కూతురు రేపు వదిలెయ్యాలన్నా దాని చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా? ట్యాబ్‌ని వదిలెయ్యడం కూడా ఒక వదిలెయ్యడమేనా? వాడు నవ్వి పప్పు వడ్డించుకున్నాడు. ఒప్పుకున్నాడనుకోను.

ఇప్పుడేం చేస్తున్నామంటే, చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. పొద్దున్న స్కూలు వ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఒక్క వాక్యం ప్రార్థన, ఇద్దరం చెరో రోజు. నా వంతు వచ్చినప్పుడు "డాడీ మీటింగ్‌లో భయపడకుండా" అని కూడా కలుపుతుంది. గురువారం రాత్రి నేను కాల్స్ తీసుకోను. మేనేజర్‌కి 'పర్సనల్ కమిట్‌మెంట్' అని చెప్పాను, ఏమిటని అడగలేదు. వెస్లీ గారి గురువారం కాబట్టి కాదు లెండి, ఆ రోజు క్లయింటు కాల్ లేదు. ట్యాబ్ పారెయ్యలేదు, యోనా చేప ఇంకా తిరుగుతూనే ఉంది. వీడియో చివర్లో బొమ్మ చేతులు జోడించేసరికి మాత్రం ఆపేసి, మేమే ఏదో అంటాం. కొన్ని రోజులు అదీ కుదరదు.

పడుకునే ముందు నర్సీపట్నానికి వీడియో కాల్ ఒకటి కొత్తగా మొదలైంది. అమ్మ రిటైరయ్యాక ఖాళీగానే ఉంటోంది. పాపకి చదవడం ఇంకా రాదు, తెలుగు అసలే రాదు. క్రిస్మస్‌కి కొన్న బొమ్మల బైబిలు ఒకటుంది, అది ఒళ్ళో పెట్టుకుని కూచుంటుంది. నిన్న నేను పక్క గదిలోంచి వింటున్నాను. "అమ్మలూ, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏంటో కనపడట్లేదే. ఆ బొమ్మలో ఏం జరుగుతోందో కాస్త చెప్పవూ" అంటోంది అమ్మ. పాప గొంతు పెంచి, వేలు పెట్టి, యోసేపుని గోతిలో వేసిన కథ మొదలుపెట్టింది. "మరి వాళ్ళన్నయ్యలు అలా ఎందుకు చేశారంటావు?" అని అడిగింది అమ్మ.

నేను లేచి వెళ్ళి దాని భుజం మీంచి ఫోనులోకి చూశాను. కళ్ళజోడు అమ్మ నెత్తి మీదే ఉంది. నన్ను చూసి, నోరు మూసుకోమన్నట్టు వేలు అడ్డంగా పెట్టింది.